ఎక్సురే ఛాయను చెఱచు చెదరు కిరణములు: వాని నివారణోపాయములు

(జిల్లా, తాలూకా ఆసుపత్రులలో ఎక్సురే పని చేయువారి యుపయోగార్థమైన యుపన్యాస పాఠము)



ఎక్సురే చిత్రము మసకగా వచ్చినప్పుడు నింద సాధారణముగా యంత్రముపై బడును. యంత్రము పాతబడినదనియు, విద్యుచ్ఛక్తి చాలలేదనియు, ఫిలిము మంచిది కాదనియు చెప్పుకొనుట వాడుక. ఇవి కొన్ని తావుల నిజము కావచ్చును. కాని స్థూలకాయుని యుదరమో, తుంటియో, వెన్నెముకయో తీసిన చిత్రము బూడిదపూత పూసినట్లుండి, ఎముకకును మాంసమునకును భేదము తెలియకున్నచో, అందులకు ముఖ్యకారణము తఱచుగా యంత్రమునందు గాక రోగి శరీరమునందే కలదు. ఆ శరీరమునుండి పుట్టి నలుదిక్కులకు ప్రసరించు చెదరు కిరణములే యా కారణము. వానిని తగ్గించుటకు పెక్కు ఉపాయములు కలవు. అందు మొదటిది కానీ ఖర్చు లేనిది. అయినను దఱచుగా మఱవబడుచున్నది. ఏ యుపాయమును ముందు, దేనిని వెనుక ప్రయోగింపవలెనో తెలుపుటయే యీ యుపన్యాసము యొక్క యుద్దేశము.

ఇది చిత్రము యొక్క సొగసుకు మాత్రము సంబంధించిన విషయము కాదు. భారతదేశమున 2019 మొదలు 2021 వఱకు జరిగిన జాతీయ క్షయవ్యాప్తి పరిశీలనలో కనుగొనబడిన రోగులలో నూటికి 42.6 వంతున, దగ్గు జ్వరము మున్నగు లక్షణములను విచారించుటతో సరిపుచ్చి ఱొమ్ము ఎక్సురే తీయకున్నచో, దొరకకయే పోయియుందురని తేలినది. అట్టివారిని పరీక్షకు పంపుటకు ఛాయయందలి చిన్న మచ్చ యొక్కటియే యాధారము. ఆ మచ్చ మసకలో మునిగిపోయినచో రోగి యారోగ్యవంతుడనిపించుకొని యింటికి పోవును. ఇంటిలోని పిల్లలకును వృద్ధులకును రోగమంటుచునే యుండును. చిత్రము పనికిరాదని గుర్తించి రెండవమాఱు తీసినను, రోగి రెండింతలు కిరణములను భరింపవలసివచ్చును.

1. ఛాయ యేర్పడు విధము

తోలుబొమ్మలాట తెలుగువా రెఱిగినదే. తెరవెనుక దీపముండును, బొమ్మను తెరకు దాపున బట్టి యాడింతురు, తెరమీద ఛాయ స్పష్టముగా గనబడును. ఇప్పుడు చూచువారి వైపున, తెరముందర, మఱియొక పెద్దదీపము నుంచినచో బొమ్మ వెలవెలబోవును. బొమ్మయందు లోపము లేదు. వెనుకనున్న దీపమునందును లోపము లేదు. ఛాయపై నితరమైన వెలుగు పడుటయే లోపము.

ఎక్సురే చిత్రము నిట్టి ఛాయయే. ట్యూబునందలి మిక్కిలి చిన్నదైన యొక చోటునుండి కిరణములు బయలుదేరి రోగి శరీరముగుండ ఫిలిమునకు వచ్చును. ఎముక వానిని ఎక్కువగా మ్రింగును. మాంసము తక్కువగా మ్రింగును. ఊపిరితిత్తులలోని గాలి దాదాపుగా విడిచిపెట్టును. ఈ మ్రింగుడు భేదమే ఫిలిముపై నలుపుతెలుపుల భేదమై కనబడును. దారి తప్పక తిన్నగా వచ్చిన వీనిని మూలకిరణము లనవచ్చును. శరీరములో తగిలి దారి మార్చుకొని వచ్చునవి చెదరు కిరణములు. ఇవి ఏ యవయవమునుగుఱించియు నిజము చెప్పజాలవు. ఫిలిమునంతను సమానముగా నల్లబఱచును. తెరముందటి దీప మిదియే.

ఎంత నష్టము కలుగునో లెక్కవేసి చూడవచ్చును. మూత్రపిండమున నొక రాయి యున్నదనుకొందురు గాక. రాయి లేనిచోట ఫిలిముపై బడు మూలకిరణములు 100 పాళ్లు, రాయి చాటున బడునవి 80 పాళ్లు. భేదము నూటికి 20. కంటి కిది చక్కగా దెలియును. పెద్దవారి యుదరమును విశాలముగా దీసినప్పుడు చెదరు కిరణములు మూలకిరణములకు నాలుగు రెట్లుండుట యరుదు కాదు. ఆ 400 పాళ్లును రెండు చోట్లను సమానముగా బడినచో ఒకచోట 500, రెండవచోట 480 అగును. భేదము నూటికి 4 మాత్రమే. రాయి యక్కడనే యున్నది. కాని చిత్రమునందు లేనట్లే.

2. చెదరు కిరణములు పుట్టు కారణము

రాంట్జెను పండితుడు 1895 నవంబరు 8వ తేదీన జర్మనీలోని వూర్ట్స్‌బుర్గు నగరమున ఈ కిరణములను కనుగొనెను. ఇవి ప్రసరించిన గాలియు దానంతట నట్టి కిరణములను వెదజల్లునని 1897లో ఆయనయే ప్రకటించెను. దీని మర్మమును 1923లో అమెరికా దేశీయుడగు ఆర్థరు కాంప్టను విశదీకరించెను. కిరణము శరీరములోని ఎలక్ట్రానును ఢీకొని, తన శక్తిలో కొంత దానికిచ్చి, తాను వేఱొక దిక్కునకు మరలును. ఈ సిద్ధాంతమునకై కాంప్టనుకు 1927లో నోబెలు బహుమాన మీయబడెను.

ఇందు పనివాడు గుర్తింపవలసిన విషయమొకటి కలదు. 60 కిలో ఎలక్ట్రాను వోల్టుల శక్తిగల కిరణము తన దారినుండి లంబముగా ప్రక్కకు తిరిగినను, దానియందు సుమారు 54 మిగిలియే యుండును. అనగా చెదరిన కిరణము మూలకిరణమునకు బలమున నించుమించుగా సమానము. కావున నేదేనొక రేకును అడ్డముపెట్టి బలహీనమైన వానిని వడపోయుదమనిన సాధ్యము కాదు. రెండింటిని వేఱుపఱచుటకు మిగిలిన గుర్తు దిక్కు ఒక్కటియే. మూలకిరణములు ట్యూబువైపునుండి తిన్నగా వచ్చును. చెదరినవి అడ్డదిడ్డముగా వచ్చును. గ్రిడ్డు యొక్క తత్త్వమంతయు నిందే కలదు.

చెదరు కిరణముల మొత్తము ప్రధానముగా రెంటినిబట్టి హెచ్చును: కిరణములు పడిన శరీరభాగము యొక్క వైశాల్యము, దాని మందము. వోల్టేజి హెచ్చించినచో ఎముకమాంసముల మ్రింగుడు భేదము తగ్గును. చెదరు కిరణములును ఫిలిమువైపున కెక్కువగా నడచును. కావున వోల్టేజి మూడవది. ఈ మూడును పనివాని చేతిలోనివే.

3. పుట్టకుండ జేయుట

పుట్టిన పిదప పట్టుకొనుటకంటె పుట్టకుండ జేయుట మేలు. రోగముల విషయమున నిజమైనది కిరణముల విషయమునను నిజమే.

(అ) కిరణముల వెడల్పును తగ్గించుట. ట్యూబు క్రింద నమర్చిన సీసపు ఱెప్పల పెట్టెను కాలిమేటరందురు. అందలి దీపము రోగి శరీరముపై వెలుగు చదరమును చూపును. కిరణములు పడునది ఆ చదరమునందే. మూత్రపిండము మాత్రము చూడవలసియుండగా పొట్టనంతయు వెలిగించుట పెక్కుచోట్ల గలదు. 30 సెంటీమీటర్ల చదరమునకు మాఱుగా 15 సెంటీమీటర్ల చదరము తెరచినచో వైశాల్యము నాలుగవ వంతగును. పై లెక్కలోని 400 పాళ్ల చెదరు కిరణములు 200 పాళ్లకు దిగినవనుకొన్నను, భేదము నూటికి 4 నుండి దాదాపు 7కు పెరుగును. దీనికి నూతన పరికరము కావలసినపని లేదు. మీదుమిక్కిలి రోగి శరీరములో కిరణములు సోకు భాగమును తగ్గును. చిత్రమునకును రోగికిని ఏకకాలమున మేలుచేయు నుపాయ మింతకంటె వేఱొకటి లేదు. ఫిలిము ఎంత యున్నదో యంత మేర వెలిగింపవలెనను నియమ మెక్కడను లేదు.

(ఆ) మందమును తగ్గించుట. ఉదరమును తీయునప్పుడు రోగిని బోరగిల పరుండబెట్టినచో, లేక వెడల్పైన పట్టీతో మెల్లగా నదిమినచో, కొవ్వు ప్రక్కలకు తొలగి మందము కొన్ని సెంటీమీటర్లు తగ్గును. రొమ్ముగడ్డల పరీక్షలో స్తనమును రెండు పలకల నడుమ నదుముట కిదియు నొక కారణము. ఏల అదుముచున్నారో ముందుగా చెప్పినచో స్త్రీలు ఓర్చుకొందురు. గాయపడినవారియందును, గర్భిణులయందును, ఉదరమున తీవ్రమైన బాధగలవారియందును పట్టీ వాడరాదు.

(ఇ) వోల్టేజిని వివేకముతో నెన్నుకొనుట. మిక్కిలి తగ్గించినచో కిరణములు చర్మముననే యాగిపోయి రోగికి వృథాగా హాని కలుగును. మిక్కిలి హెచ్చించినచో చిత్రము బూడిదబాఱును. ప్రతి ఆసుపత్రియందును అవయవమునకును శరీరపు మందమునకును తగిన అంకెల పట్టిక యంత్రముప్రక్కన గోడకు వ్రేలాడుచుండవలెను.

(ఈ) వెన్నెముకను ప్రక్కనుండి తీయునప్పుడు, రోగి వీపువెనుక బల్లపై సీసపు రబ్బరుగుడ్డ పఱచినచో, శరీరమును దాటి బల్లమీద బడిన కిరణములు చెదరి ఫిలిమునకు రాకుండ నుండును.

4. పుట్టినవానిని ఆపుట: గ్రిడ్డు

ఎక్సురే యంత్రము మొదటి సంవత్సరములలోనే హిందూదేశమునకు వచ్చెను. 1897-98 సంవత్సరముల తీరా దండయాత్రలో సైనిక వైద్యుడగు బీవరు వాయవ్య సరిహద్దున దానిని గాయపడిన సిపాయిల శరీరములలోని గుండ్లను కనుగొనుటకు వాడెను. చేతులు, కాళ్లు మున్నగు పలుచని యంగములయందు చెదరు కిరణములు స్వల్పము. ఛాయ స్పష్టముగా వచ్చును. కడుపు, తుంటి, వెన్నెముకలయందు మాత్ర మన్నిదేశముల వైద్యులకును నిరాశయే మిగులుచుండెను.

1913లో బెర్లిను నగరపు వైద్యుడు గుస్తావు బక్కీ యొక యుపాయము కనుగొనెను. సీసపు బద్దలను అడ్డముగను నిలువుగను కూర్చి, తేనెపట్టు గదులవంటి చట్రము చేసి, దానిని రోగికిని ఫిలిముపలకకును నడుమ నుంచెను. వెదురుగొట్టముగుండ చూచువానికి ఎదుటనున్నది మాత్రమే కనబడి, ప్రక్కలనున్నవి కనబడవు గదా. అట్లే ట్యూబువైపునుండి తిన్నగా వచ్చు కిరణములు గదులగుండ జారి ఫిలిమును చేరును. ఏటవాలుగా వచ్చునవి సీసపు గోడలకు తగిలి యాగిపోవును. చిత్రమునందు భేదము హెచ్చెను. కాని సీసపు బద్దల గీతలును చిత్రముపై వలవలె పడుచుండెను. చికాగో నగరపు వైద్యుడు హాలిసు పాటరు బద్దలను ఒకే దిక్కుగా నమర్చి, కిరణములు పడుచున్నంతసేపును చట్రమును కదలించు విధమును సాధించి 1920లో ప్రకటించెను. కదలుచున్న బండిచక్రపు ఆకులు కంటికి కనబడనట్లు కదలుచున్న బద్దల గీతలు చిత్రమున గనబడవు. పాటరు-బక్కీ యంత్రమని దానికి పేరు వచ్చెను. ఎక్సురే బల్లక్రింద ఫిలిముంచు సొరుగును నేటికిని ఆసుపత్రులలో బక్కీ యనియే పిలుచుచున్నారు. ఆంధ్రజిల్లాలు మద్రాసు రాజధానిలో చేరియుండిన కాలముననే, 1934లో, మద్రాసు జనరలు ఆసుపత్రియందు బార్నార్డు రేడియాలజీ సంస్థ తెరువబడినది.

నేటి గ్రిడ్డులలో సీసపు బద్దలు తలవెండ్రుకంత పలుచనివి. ఒక సెంటీమీటరునకు 40 వఱకు నుండవచ్చును. వాని నడుమ అల్యూమినియమో, కర్బనపు నారయో నింపబడును. బద్ద యొక్క ఎత్తు రెండు బద్దల నడిమి యెడమునకు ఎన్ని రెట్లో దానిని గ్రిడ్డు నిష్పత్తి యందురు. 8కి 1, 10కి 1, 12కి 1 అను నిష్పత్తులు వాడుకలో నున్నవి. నిష్పత్తి హెచ్చినకొలది చెదరు కిరణము లెక్కువగా నాగును.

5. గ్రిడ్డునకు చెల్లింపవలసిన వెల

గ్రిడ్డు ఉచితముగా నేమియు నీయదు. వెనుకటి లెక్కనే చూడవలెను. గ్రిడ్డు మూలకిరణములలో నూటికి 70ని, చెదరినవానిలో నూటికి 10ని మాత్రము విడుచుననుకొన్నచో, రాయి లేనిచోట 70కి 40 చేరి 110, రాయి చాటున 56కు 40 చేరి 96 అగును. భేదము నూటికి 4 నుండి దాదాపు 13కు పెరిగినది. లాభము స్పష్టము. కాని ఫిలిమును చేరిన మొత్తము 500 నుండి 110కి తగ్గినది. ఫిలిము మునుపటియంత నల్లబడవలెనన్నచో నాలుగున్నర రెట్లు కిరణములను విడువవలెను. ఆ భారమంతయు రోగి శరీరముపైననే. కాలిమేటరుతో ముందుగానే వెడల్పు తగ్గించి చెదరినవానిని 200 పాళ్లకు దింపి, పిమ్మట గ్రిడ్డు నుంచినచో 90కిని 76కిని భేదము నూటికి 15కు మించును. కావున గ్రిడ్డు కాలిమేటరునకు మాఱు కాదు. దానికి తోడు మాత్రమే. చదరమును పూర్తిగా తెరచి భారమంతయు గ్రిడ్డుపై వేయుట తలుపు తెరచియుంచి దొంగకై కావలి కాయుటవంటిది.

ఇందువలన గ్రిడ్డును ఎక్కడ వాడరాదో తెలిసియుండుటయు ముఖ్యము. చేతులు, పాదములు, మోచేయి మొదలగు 10 సెంటీమీటర్లకు లోపు మందముగల యంగములకు గ్రిడ్డు వలదు. పసిపిల్లలకును వలదు, పలుచని శరీరమున చెదరునవి స్వల్పము, గ్రిడ్డు తెచ్చు భారము మాత్ర మెక్కువ. పెద్దవారి ఉదరమునకును, తుంటికిని, వెన్నెముకకును, హెచ్చు వోల్టేజితో తీయు ఱొమ్ము చిత్రమునకును గ్రిడ్డు తగినది.

గ్రిడ్డును తప్పుగా నమర్చుటచే చెడిపోవు చిత్రములు పెక్కు. బద్దలు ట్యూబువైపునకు కొలదిగా వంగియుండునట్లు చేయబడిన గ్రిడ్డులు నియతమైన దూరముననే పనిచేయును. అట్టి గ్రిడ్డును తలక్రిందుగా నుంచినచో చిత్రమున నడుమ నొక పట్టీ మాత్రము కనబడి రెండుప్రక్కలును తెల్లబోవును. దూరము తప్పినచో అంచులు తెల్లబోవును. ట్యూబు నడిమికి గాక ప్రక్కకు జరిగినను, గ్రిడ్డు వాలినను, మూలకిరణములే బద్దలకు తగిలి చిత్రము వెలవెలబోవును. ఇట్టి చిత్రమును చూచి కిరణములు చాలలేదని తలచి మరల హెచ్చుగా విడుచుట రోగికి అన్యాయము. ట్యూబువైపు గుర్తు, నిష్పత్తి, దూరము గ్రిడ్డుమీదనే ముద్రింపబడియుండును. ప్రతిదినము పనికి ముందు వానిని చదువవలెను.

6. గాలి యెడము

గ్రిడ్డు లేనిచోట నొక సులభోపాయము కలదు. రోగికిని ఫిలిమునకును నడుమ 15 మొదలు 30 సెంటీమీటర్ల వఱకు ఖాళీ విడుచుటయే యది. మూలకిరణములు దూరమునుండి వచ్చునవి గనుక ఆ కొద్దిదూరమువలన వానికి నష్టము స్వల్పము: ట్యూబు 180 సెంటీమీటర్ల దూరమున నుండగా ఫిలిమును 20 సెంటీమీటర్లు వెనుకకు జరిపినచో నూటికి 81 వంతులు మిగులును. చెదరు కిరణములు శరీరములోనే పుట్టి విచ్చుకొనుచు పోవునవి. అవి ఫిలిమునకు 15 సెంటీమీటర్ల దూరమున పుట్టినవనుకొన్నచో, ఆ దూరము 35 సెంటీమీటర్లు కాగానే నూటికి 18 వంతులు మాత్రమే చేరును. తక్కినవి ప్రక్కలకు పోవును. ఛాయ కొంచెము పెద్దదగుట దీనియందలి లోపము. ట్యూబును మఱికొంత దూరము జరిపినచో ఆ లోపము తగ్గును. గుండె కొలతలు తీయునప్పుడు దీనిని గుర్తుంచుకొనవలెను.

గ్రామములలో క్షయను వెదకుటకు జరుగు శిబిరములలో చేత పట్టుకొనదగిన చిన్నయంత్రములు నేడు వాడబడుచున్నవి. వాని శక్తి పరిమితము; గ్రిడ్డు నుంచినచో ఎక్కువసేపు కిరణములు విడువవలసివచ్చి, రోగి ఊపిరి కదలికచే చిత్రము చెదరును. అట్టిచోట కిరణముల వెడల్పును ఱొమ్మువఱకే కుదించుట, రోగిని కదలక నిలువజేయుట, దూరమును సరిగా కొలుచుట అనునవియే ప్రధానమైన రక్షలు.

7. కంప్యూటరు అన్నియు దిద్దునా?

ఫిలిమునకు మాఱుగా నిప్పుడు పెక్కు ఆసుపత్రులలో చిత్రము కంప్యూటరు తెరపై వచ్చుచున్నది. అందు నలుపుతెలుపుల భేదమును మీట త్రిప్పి పెంచవచ్చును. దీనిచే చెదరు కిరణముల బెడద తీరినదని కొందఱి నమ్మకము. అది సరికాదు. కిరణములు వానజల్లువలె చుక్కలు చుక్కలుగా పడునవి. ప్రతి జల్లునందును హెచ్చుతగ్గు లుండును. చెదరు కిరణములు తెచ్చిన హెచ్చుతగ్గులు చిత్రమున చేరిన పిదప, భేదమును పెంచినకొలది ఆ గరుకుదనమును పెరుగును. గ్రిడ్డు లేకయే గ్రిడ్డువంటి ఫలము నిచ్చునట్టి గణనపద్ధతులును వచ్చినవి. అవి చూపునకు మేలు చేయునుగాని, చేరిన గరుకును పూర్తిగా తొలగింపజాలవు. వెడల్పుగా తీసి, పిమ్మట తెరపై అంచులు కత్తిరించుటయు కాలిమేటరు పని కాదు. చిత్రమునందు కత్తిరింపబడిన భాగము రోగి శరీరమున కత్తిరింపబడదు.

8. దాపుననున్నవారి రక్షణ

చెదరు కిరణములు ఫిలిమువైపునకే పోవునవి కావు. చిత్రము తీయు క్షణమున రోగి శరీరమే గదిలోని వారందఱికిని కిరణములు వెదజల్లు దీపము. రోగికి ఒక మీటరు దూరమున, ప్రక్కగా నిలిచినవానికి సోకునది రోగి చర్మముపై బడినదానిలో సుమారు వేయవ వంతు. రెండు మీటర్ల దూరమున అందులో నాలుగవ వంతు. ఒక్కమాఱునకు స్వల్పమే, దినదినమును నిలుచువానికి స్వల్పము కాదు. బిడ్డను పట్టుకొనుటకు తల్లిని పిలిచినప్పుడు ఆమె గర్భిణి యగునా యని ముందుగా అడుగవలెను. సీసపు అంగరఖా తొడుగవలెను. ఆమె చేతులు వెలుగు చదరమున పడకుండ చూడవలెను. ప్రతిదినమును ఒకే సేవకుని చేత రోగులను పట్టించుట కూడదు. వెలుగు చదరమును కుదించిన పనివాడు చిత్రమును, రోగిని, తోడువచ్చినవారిని, తన్నును ఒక్కచేతితో కాపాడుకొనినవాడగును.

9. సంగ్రహము

ఈ క్రింది నియమములు ఎక్సురే గదిలో వ్రాసి యంటింపదగినవి:

1. ఏ యవయవమును చూడవలెనో వైద్యుని చీటిలో చదివి, అంతమేరకే వెలుగు చదరమును తెరువవలెను.

2. వీలున్నచోట మందమును తగ్గింపవలెను.

3. పట్టికలోని వోల్టేజిని వాడవలెను, ఊహపై హెచ్చింపరాదు.

4. ఈ మూడును చేసిన పిదపనే గ్రిడ్డు నవసరమో కాదో నిర్ణయింపవలెను. పలుచని యంగములకును పసివారికిని గ్రిడ్డు వాడరాదు.

5. గ్రిడ్డు వైపు, నడుము, దూరము సరిచూడవలెను.

6. గ్రిడ్డు లేనిచోట గాలి యెడమును వాడవలెను.

7. చిత్రము వెలవెలబోయినచో మరల తీయుటకు ముందు కారణము వెదకవలెను.

వీనిలో మొదటి నియమమునకు పట్టు కాలము కొన్ని క్షణములు మాత్రమే. ఆ క్షణములను వెచ్చించిన పనివాని చిత్రమున, ఊపిరితిత్తి కొనయందలి చిన్న మచ్చ వైద్యుని కంటబడును. రోగి మందు ప్రారంభించును. ఆ యింటివారికి రోగమంటుట తప్పును.